మా అక్క తిట్టని పిల్ల

మా అక్క నోటికి జడిసి కాంక్రీటు కూడా త్వరగా గట్టిపడుతుందని ఆమె దగ్గర పరిశోధన చేసే పిల్లలు చెప్పుకుంటారు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ చీవాట్లు తింటున్నదాన్ని కాబట్టి నేను కాదనను. ఆమె ఇంజినీరింగు కాలేజీలో ప్రొఫెసరు, నేను అదే విభాగం ఆఫీసులో గుమాస్తాని. "ఒరేయ్ మొద్దూ, ఇది చాప్టరా, పిచ్చిగీతలా?" అని ఆమె అరిస్తే గోడ ఇవతల నేను ఉలిక్కిపడేదాన్ని. తిట్టిన పిల్లలకే మధ్యాహ్నం తన డబ్బాలోంచి అన్నం పెట్టేది. అందుకే ఎవరూ పారిపోలేదు.

ఒక్క పిల్లని మాత్రం అక్క ఏనాడూ తిట్టలేదు.

ఆ పిల్లది నదికి అవతలి గట్టు. అక్కడివాళ్ళు కొద్దిమంది. వాళ్ళ యాస వింటే ఇటువైపు వాళ్ళకి నవ్వు, వాళ్ళకి ఇల్లు అద్దెకివ్వాలంటే ఏవేవో సాకులు. అవతలి గట్టు పిల్లలు డాక్టరేటు దాకా రావాలని కాలేజీ ఒక పథకం పెట్టింది. పోట్లాడి పెట్టించింది అక్కే. మొదట వచ్చిన కుర్రవాడు వేరే ప్రొఫెసరు దగ్గర చేరి, అందరి ముందూ ఆయనన్న ఒక మాటకి సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చింది ఈ పిల్ల.

"ఈమెని పువ్వుల్లో పెట్టి చూసుకుంటాను" అంది అక్క. అన్నట్టే చూసుకుంది. మిగతావాళ్ళంతా "ఏమే", "ఒరేయ్" అయితే ఆ పిల్ల "మీరు". మిగతావాళ్ళ కాగితాలు ఎర్రసిరాలో మునిగి వెనక్కి వస్తే, ఆ పిల్లవి "బాగుందమ్మా, కానివ్వండి" అన్న మాటతో తెల్లగా వచ్చేవి.

"ఏంటక్కా, కొత్త పెళ్ళికూతురా?" అని ఆటపట్టించాను ఒకసారి.

"నీకు తెలీదు, ఊరుకో" అంది.

ఆ పిల్ల పని బూడిద కలిపిన కాంక్రీటు మీద. బూడిద కలిపినవీ కలపనివీ దిమ్మెలు పోసి, నీళ్ళ తొట్టిలో నానబెట్టి, యంత్రంలో పగిలేదాకా నొక్కి, ఏవి గట్టివో చూడాలి. బూడిద దిమ్మెలే గట్టివని తేలింది. పరిశోధన ముగించే ముందు జరిగే సభలో, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఒకే ప్రశ్న వేశాడు.

"అన్నీ ఒకేలా తడిగా ఉన్నప్పుడే నొక్కారా?"

తడి దిమ్మె తొందరగా పగులుతుంది, ఆరినది ఇంకాస్త ఓర్చుకుంటుంది. ఆ పిల్ల ఆరిన బూడిద దిమ్మెల్ని, అప్పుడే తొట్టిలోంచి తీసిన మామూలు దిమ్మెలతో పోల్చింది. అక్క వైపు చూసింది. అక్క తల దించుకుంది. అన్నీ మళ్ళీ చేసి వచ్చే ఏడాది సభలో నెగ్గకపోతే పరిశోధన నుంచి పేరు కొట్టేస్తామన్నారు.

ఆ రోజు అక్క కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"చదివినప్పుడే నాకు అనుమానం వచ్చిందే. ఇంకొకరైతే చెవి మెలిపెట్టి అడిగేదాన్ని. ఈమె బాధపడి వెళ్ళిపోతుందేమోనని నోరు నొక్కుకున్నాను. నేనే ముంచాను ఆ పిల్లని."

నాకు ఓదార్చబుద్ధి కాలేదు. "ముంచావు" అన్నాను. నిజం కదా.

మర్నాడు ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేక నన్ను వెంటబెట్టుకుని ప్రయోగశాలకి వెళ్ళింది. ఆ పిల్ల పగిలిన దిమ్మె ముక్కల్ని తట్టలోకి ఎత్తుతోంది.

"మీరు నన్ను క్షమించాలమ్మా" అంది అక్క.

"మేడం, మా ఇంట్లో చిన్నవాళ్ళని 'మీరు' అన్నామంటే, వాళ్ళు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళన్నమాట" అంది ఆ పిల్ల చేతులు దులుపుకుంటూ. "నా కాగితాలు తెల్లగా వచ్చినప్పుడల్లా మీరు అసలు చదవలేదేమో అనుకునేదాన్ని. ఎలాగూ వెళ్ళిపోయే మనిషే కదా అని."

అంత నోరున్న మనిషికి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజంతా ఎవరినీ తిట్టలేదు, అదే అందరినీ భయపెట్టింది.

దిమ్మెలు మళ్ళీ పోశారు. "నువ్వు" అనడానికి అక్కకి నాలుక తిరగలేదు. ఏ పిలుపూ లేకుండా "ఆ తాపీ ఇటు అందితే బాగుండు" అంటూ తంటాలు పడేది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఒక ఉదయం కిటికీలో బూడిద దిమ్మెలు ఆరుతూ అక్కకి కనిపించాయి. అంతే.

"ఏమే మొద్దూ! మళ్ళీ ఎండబెడుతున్నావా? బుద్ధి లేదటే నీకు?"

నేను పరుగెత్తాను. ఆ పిల్ల చెక్కుచెదరలేదు. "మామూలు దిమ్మెలూ ఆరుతున్నాయి మేడం, ఆ పక్క కిటికీలో చూడండి. రెండు రకాలూ ఆరాక ఒకసారి, తడిగా ఒకసారి నొక్కుతాను. అప్పుడు ఎవరేమడిగినా చెప్పొచ్చు."

"ఆ ముక్క నాకు ముందే చెప్పొచ్చు కదే?"

"మీరెప్పుడూ ఏదీ అడగలేదు కదా మేడం."

రెండోసారి సభలో ఆ పిల్ల నెగ్గింది. బూడిద కలిపితే దిమ్మె ఎక్కువ గట్టిదేమీ కాదు, మామూలుదానితో సమానం, అంతే అని తొణక్కుండా చెప్పింది. పరీక్షకుడు లేచి "కాబోయే డాక్టర్‌గారూ" అని పిలిచాడు. ఆ సంబరంలో అక్క కూడా, "మీరు చాలా బాగా..." అంటూ దగ్గరికి వెళ్ళింది.

"మళ్ళీ చుట్టాన్నయ్యానా మేడం?"

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీ ఏడాది పాడుచేశానే. ఒక్కసారి నన్ను తిట్టవే."

ఆ పిల్ల నవ్వింది గానీ తిట్టలేదు. తిట్టి ఉంటే, ఏడాదిగా సరిగ్గా అన్నం సహించని మా అక్క ఆ రోజైనా కడుపునిండా తినేది.