నూరితేనే తెలిసే స్ఫటికం

నవంబరు పన్నెండు, బుధవారం. సూళ్లూరుపేటలో రైలెక్కినవారు: రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్‌ని నేను, మా కాలేజీ పరిశోధక విద్యార్థిని సుజాత. ఆమె ఒడిలో స్టీలు డబ్బా, అందులో దూది మధ్య గోరంత స్ఫటికం. రెండు నెలలు గాజుపాత్రలో ద్రావణాన్ని నెమ్మదిగా ఆరనిచ్చి పెంచింది. పులికాట్ గాలి చెమ్మకు మిగతావన్నీ మసకబారాయి. తేటగా నిలిచింది ఇదొక్కటే.

చెన్నై ప్రయోగశాలలో చేసే పరీక్షలో, కంటికి కనబడని లేజర్ కిరణాన్ని ఇది ఆకుపచ్చ వెలుగుగా మార్చాలి. మార్చకపోతే సుజాత థీసిస్ మళ్లీ మొదటికి వస్తుంది.

ఉదయం ఆరున్నరకు రైలు కదలగానే సుజాతకు శాఖాధిపతి ఫోన్. "రేపు తనిఖీ కమిటీ వస్తా ఉండాది. స్ఫటికం చెక్కుచెదరకుండా తెచ్చేయమ్మా, అద్దాల బీరువాలో పెట్టాల." రెండు నెలల్లో ఆయన ఆ పాత్ర దగ్గరికి వచ్చింది రెండుసార్లు. రెండూ ఫొటోలకే.

ఎదురు సీటులో పీతల గంపతో ఒకామె. "ఏంది పాపా అది, పటికా?"

"కాదక్కా, లేజర్ కోసం పెంచినా."

"మేం రొయ్యల్ని పెంచతాం, నువ్వు రాళ్లను పెంచతావా!" పెట్టె అంతా నవ్వింది. "ఇంతకీ దాని పనేంది?"

ఈ ప్రశ్న మా శాఖాధిపతి ఇంతవరకూ అడగలేదు.

చెన్నైలో దిగి ఇడ్లీ తిని, పదకొండుకు ప్రయోగశాల చేరాం. టెక్నీషియన్ కల్వం ముందుకు జరిపాడు. ఈ పరీక్షకు స్ఫటికాన్ని పొడి చేయాలి. బీరువాకు ముక్కయినా మిగలదు. ఆ సంగతి శాఖాధిపతికి నేనే రెండుసార్లు చెప్పాను. పదవి చెవులకు అడ్డమొస్తుంది కాబోలు.

సుజాత చెయ్యి ఆగింది. "థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే గదా సార్?"

"పరీక్షే లేకపోతే సంతకం దేనిమీద పెడతాడమ్మా? నూరు."

నూరింది. కిరణం తగలగానే పొడి పచ్చగా వెలిగింది. టెక్నీషియన్ ఫలితాన్ని అచ్చుతీసి ఇచ్చాడు.

సాయంత్రం నాలుగు గంటల రైలు. నిలబడే వచ్చాం. స్ఫటికం పొడైందని దారిలోనే శాఖాధిపతికి ఫోన్ చేసి చెప్పాం. చదువు కోసం నలభై ఏళ్లు ఈ దారిలో తిరిగాను. చదువుకు అడ్డుపడేవాళ్లు ఎప్పుడూ రైలెక్కరు, ఆఫీసు గదుల్లోనే ఉంటారు.

మర్నాడు ఉదయం వెళ్లి చూస్తే, బీరువాలో 'స్ఫటికం' అని రాసిన చీటీ వెనక శాఖాధిపతి బల్ల మీది గాజు పేపర్ వెయిట్! కమిటీ వాళ్లు వంగి వంగి చూస్తున్నారు.

"భలే తేటగా ఉందే! ఎన్నాళ్లు పట్టిందండీ?"

"రెండు నెలలండీ," అన్నాడు ఆయన.

అప్పుడు సుజాత ముందుకు వచ్చి, ఫలితం జతచేసిన థీసిస్‌ను, పెన్నును ఆయన చేతికిచ్చింది. ఆయన ఆమె వంక, బీరువా వంక, కమిటీ వంక చూసి, సంతకం పెట్టాడు.