సైమా భుజానికి తగిన మందు

హర్యూ ఊళ్లో మగవాళ్లు నలుగురు కాఫీకి చేరితే ఆర్వో కోస్కి గురించి ఒక మాట తప్పకుండా దొర్లేది. వాళ్లింట్లో జింకను తెచ్చేది పెళ్లాం, ఉల్లిపాయలు తరిగేది మొగుడు అని. ఆర్వో విని నవ్వి ఊరుకునేవాడు. అబద్ధమైతే కదా కోపం రావడానికి.

ఆర్వో కట్టెల మిల్లులో రంపాలకు పదును పెట్టేవాడు. చేతులు నిదానం, మాట మరీ నిదానం. చిన్నతనంలో క్రిస్మస్‌కి పందిని కోస్తుంటే చూసి కళ్లు తిరిగి మంచులో బోర్లా పడ్డాడు. అప్పటినుంచి నెత్తురు కనపడితే అక్కణ్నుంచి లేచిపోయేవాడు. అతని భార్య సైమా అలా కాదు. తండ్రికి కొడుకుల మధ్య ఒక్కతే కూతురు. నడక వచ్చినప్పటినుంచీ ఆయన వెంట చిత్తడి అడవుల్లో వేటకు తిరిగింది. ఆయన పోతూ తన రైఫిల్ ఆమెకిచ్చి పోయాడు. కింద ఇనప మీట ఉండి, దాన్ని దించి ఎత్తితే తూటా మారే పాతకాలపు తుపాకి అది. సైమా కంటే వయసులో చాలా పెద్దది.

పెళ్లయిన ఏడాదే, ఆకులు రాలే రోజుల్లో, సైమా తూటాల కోసం బజారంతా తిరిగి వట్టి చేతులతో వచ్చింది. ఆ సైజు తూటాలు ఇప్పుడెవరూ తయారు చెయ్యడం లేదన్నారట. ఆమె ఏడవలేదుగానీ ఆ రాత్రి తిండి సయించలేదు. ఆర్వో మర్నాడు పని దిగగానే పక్క ఊళ్లో ఉన్న ఒక ముసలి మంగలి దగ్గరికి వెళ్లాడు. తూటాలు చేత్తో కట్టే విద్య ఆ చుట్టుపక్కల అతనొక్కడికే తెలుసు. ఆర్వో ఆ చలికాలమంతా శనివారాలు అక్కడే గడిపి నేర్చుకున్నాడు.

ఆ తర్వాత ఇంటి నేలమాళిగలో ఒక బల్ల వెలిసింది. ప్రతి అక్టోబరులోనూ ఆర్వో సీసం కరిగించి అచ్చుల్లో పోసేవాడు. పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు తుడిచి, ప్రెస్సులో పెట్టి పాత కొలతకు నొక్కి, అడుగున, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే కొత్త ప్రైమరు బిళ్ల దిగేసి, చిన్న తక్కెడలో తూచిన తుపాకి మందు పోసి, పైన గుండు కూర్చి మూతి బిగించేవాడు. ఆ తుపాకిలో తూటాలు కిందనున్న పొడవాటి గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా నిలుస్తాయి. వెనకదాని ముక్కు ముందుదాని అడుగున ఉన్న బిళ్లకు ఆనుతుంది. ముక్కు మొనదేలి ఉందంటే తుపాకి కుదుపుకే పేలుతుంది. అందుకని ఆర్వో ప్రతి గుండు ముక్కూ చదునుగా ఉందో లేదో బొటనవేలితో తడిమి చూసేవాడు. నవంబరులో సైమా అడవినుంచి వచ్చి, కాలిన ఇత్తడి గొట్టాన్ని అతని అరచేతిలో పెట్టి "బాగా వెళ్లింది" అనేది. వాళ్లిద్దరి మధ్య ముద్దుమురిపాలన్నీ ఆ ఒక్క మాటలోనే ఉండేవి.

ఇలా ఏళ్లు గడిచాయి. పిల్లలు లేరు. ఒక వసంతంలో సైమాకి కుడి రొమ్ములో గడ్డ తేలింది. పట్నంలో పెద్దాసుపత్రిలో రొమ్ము తీసేశారు, చంక దాకా కోశారు. ప్రాణం దక్కింది. కానీ కుడి చెయ్యి భుజం పైకి లేవడం మానేసింది. అక్కడి చర్మం పల్చబడి, చొక్కా కుట్టు తగిలినా ఉలిక్కిపడేది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఆమె తుపాకిని గోడ మీంచి దించి, ఒంటి చేత్తో నూనె పట్టించింది.

"దీన్ని హెల్మికి ఇచ్చేద్దాం ఆర్వో. మా అన్నదమ్ముల పిల్లల్లో దానికే ఇష్టం."

"నీ ఇష్టం," అన్నాడు ఆర్వో.

అని, నేలమాళిగలోకి వెళ్లి బల్ల ముందు కూర్చున్నాడు. పేలినప్పుడు ఆ తుపాకి వెనక్కి తన్నే తన్ను గాడిద తన్ను. దాన్ని కోసిన భుజానికి ఆనించమని ఎవరంటారు? ఎడమ భుజం ఉంది. మీట తుపాకికి కుడి ఎడమల పట్టింపు లేదు, ఏ చేత్తోనైనా దించి ఎత్తొచ్చు. కానీ ఆ అదురు ఛాతీ అంతా పాకుతుంది కదా. తన్ను తగ్గించాలి.

మందు తగ్గించడమంటే పులుసులో ఉప్పు తగ్గించినట్టు కాదు. మరీ తగ్గితే గుండు తుపాకి గొట్టంలోనే ఇరుక్కుంటుంది. అది తెలియక ఇంకోటి పేలిస్తే గొట్టం చీలి మొహాన పడుతుంది. అందుకని ఆర్వో త్వరగా కాలే వేరే రకం మందు తెప్పించాడు. తేలికపాటి గుండుకి కొత్త అచ్చు సంపాదించాడు. దుకాణదారు ఇచ్చిన పుస్తకంలో ఇంతకంటే దిగవద్దని ఉన్న గీత దాకా మెల్లమెల్లగా దిగుతూ, ఒక్కో రకం నాలుగేసి తూటాలు కట్టాడు.

వాటిని పరీక్షించేది ఎవరు? అతను జన్మలో ఆ తుపాకి నాలుగు సార్లు కూడా పేల్చి ఉండడు. సైమా నిద్రపోయే మధ్యాహ్నాల్లో దాన్ని గుడ్డలో చుట్టుకుని పాత కంకర గోతికి వెళ్లేవాడు. తన మొద్దు భుజానికి, దళసరి కోటుకు ఆమె నొప్పి ఏం తెలుస్తుందని కోటు విప్పేసి, పల్చటి బనీను మీదే, ఎడమ భుజానికే ఆనించి కాల్చేవాడు. ఒకరోజు పొరుగింటి రైనో అటు వచ్చి చూశాడు.

"ఏంట్రా ఆర్వో, పెళ్లాం మూలపడితే నువ్వు మగాడివైపోయావా? అదైనా కుడి భుజం ఏదో తెలీని మగాడివి."

"తెలుసు. చలేస్తోంది, పో," అన్నాడు ఆర్వో వణుకుతూ. రైనో అతని భుజం చూసి వెళ్లిపోయాడు.

శనివారం ఎప్పటిలాగే మొగుడూ పెళ్లాం పెరట్లోని సౌనాలో ఆవిరి పట్టడానికి కూర్చున్నారు. ఆపరేషన్ తర్వాత సైమా గోడవైపు తిరిగి కూర్చునేది. ఆ రోజు రాళ్ల మీద నీళ్లు చల్లడానికి ఇటు తిరిగి, అతని ఎడమ భుజం మీద కమిలిన మచ్చలు చూసింది. కొన్ని పసుపుపచ్చగా, కొన్ని నీలంగా ఉన్నాయి. ఆమె వేలితో ఒకదాన్ని నొక్కింది.

"ఎవరు కొట్టారు నిన్ను?"

"మీ నాన్న తుపాకి."

సైమా నవ్వింది. ఆసుపత్రినుంచి వచ్చాక అదే మొదటిసారి. కోసినచోట లాగి నొప్పి పుట్టినా నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత నెమ్మదిగా అడిగితే అతను విడమరచి చెప్పాడు. ఈ పసుపువి మొదట్లోవి, ఈ నీలానివి మధ్యలోవి, ఆఖరి రకం నిన్న పేల్చాను అన్నాడు.

"మరి నిన్నటిది?"

"నిన్నటిది మచ్చ పడలేదు," అన్నాడు ఆర్వో. "అదే నీది."

సైమా మళ్లీ రాళ్ల మీద నీళ్లు చల్లింది. ఆ రోజు ఇక గోడవైపు తిరగలేదు.

ఎడమ చేత్తో నేర్చుకోవడం ఆమెకు పెద్ద శిక్షే అయింది. మూయకూడని కన్ను మూసేది, మీట దించబోయి తుపాకినే జారవిడిచేది, తండ్రి దగ్గర నేర్చిన తిట్లన్నీ తిట్టేది. ఆర్వో గురికి పెట్టి నలిగిన డబ్బాలు ఏరి మళ్లీ నిలబెట్టేవాడు. తేలిక తూటా కాబట్టి దూరం పోయే కొద్దీ గుండు కిందికి దిగిపోయేది. ఇంటి గుమ్మంనుంచి బట్టల తాడు ఉన్నంత దూరంలోపే నమ్మొచ్చని ఇద్దరూ తేల్చుకున్నారు.

వేట సీజను మొదలైన రోజు తెల్లవారాక ఆర్వో కూడా ఆమె వెంట బయలుదేరాడు. తుపాకి మోయడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాడు. దేవదారు చెట్ల అంచున ఉన్న మంచె మీద ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. అతను కాఫీ ఫ్లాస్కు మూత తీసినా, యాలకుల రొట్టె నమిలినా ఆమె మోచేత్తో పొడిచేది. పెళ్లయిన ఇన్నేళ్లలో, ఇంటి బయట ఆమె ఎలా ఉంటుందో అతను చూడడం అదే మొదటిసారి. కళ్లు కూడా చప్పుడు కాకుండా తిప్పుతోంది. ఆమె మొహంలో రోగం అనేది కనపడలేదు.

పొద్దెక్కాక ఒక కొమ్ముల జింక వచ్చింది. ముందు దూరంగా నిలబడింది. పాత సైమా అయితే అప్పుడే కాల్చేది. ఈ సైమా ఆగింది. అది మేసుకుంటూ, తల ఎత్తుతూ, బట్టల తాడంత దగ్గరికి వచ్చేదాకా ఆగింది. అప్పుడు కాల్చింది. తుపాకి ఎక్కువ అరవలేదు. జింక నాలుగు దూకులు దూకి, చెట్ల మొదట్లో కూలబడింది.

సైమా భుజం తడుముకుంది. నొప్పి లేదు. అప్పుడు భర్త వైపు చూసింది.

"ఆర్వో, దాని పొట్ట కొయ్యాలి. నా చేత కాదు."

ఈ సంగతి అతను ముందే ఆలోచించుకోవలసింది. ఆలోచించలేదు. మొహం పాలిపోయింది. అయినా కత్తి అందుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుని, పసిపిల్లాడికి చెప్పినట్టు, ఇక్కడ పెట్టు, పైపైన కొయ్యి, పేగు తెగకుండా రెండు వేళ్లు అడ్డం పెట్టు అని చెబుతూ పోయింది. వేడి ఆవిరి మొహానికి కొట్టగానే అతను లేచి చెట్టు వెనక్కి పరిగెత్తాడు. కక్కి, మంచుతో మూతి తుడుచుకుని తిరిగి వచ్చాడు. సగంలో మళ్లీ వెళ్లాడు.

"జింకే నయం, ఒక్కసారే పోయింది," అంది సైమా.

"నువ్వు నవ్వించకు. పేగు తెగుతుంది."

పని మొత్తం అతనే చేశాడు. తాడు కట్టి లాక్కొస్తుంటే దారిలో రైనో ఎదురయ్యాడు. ఆర్వో మోచేతులదాకా ఉన్న నెత్తురు చూశాడు. తర్వాత తాడు రెండో కొస తనే అందుకున్నాడు.

సాయంత్రం సైమా కార్జం వేయించుకుని తింది. ఆర్వో బంగాళాదుంపలతో సరిపెట్టుకున్నాడు. హెల్మి తుపాకి కోసం ఇంకా చాలా ఏళ్లు ఆగవలసి వచ్చింది. ఆ ఏళ్లన్నీ మంచె మీద దుప్పటి కింద ఇద్దరే ఉండేవాళ్లు. నెత్తురు అలవాటైందా అని ఎవరైనా అడిగితే, లేదనేవాడు ఆర్వో. ప్రతి ఏడూ ఆ చెట్టు వెనక్కి ఒకసారి వెళ్లొచ్చేవాడు. అతను తిరిగి వచ్చేదాకా సైమా కత్తి పట్టుకుని, అటు చూడకుండా కూర్చునేది.