న్యూయార్కులో కొబ్బరిచెట్లు

నిన్న ఫోన్లో ఓ పాత డబ్బింగ్ సినిమా ముక్క కనిపించింది. వీధిలో న్యూయార్క్ అని బోర్డు, దాని వెనక బారులు తీరిన కొబ్బరిచెట్లు. వేరే ఏదో దేశంలో తీసి అమెరికా అని నమ్మించబోయిన సినిమా. మధ్యలోనే ఆపేశాను.

మన ఈడువాళ్లకి గుర్తుందా, అద్దెకి తెచ్చిన వీడియో డెక్కు, వేడెక్కిన టీవీ వాసన? ఉద్దానం కొబ్బరితోటల మధ్య మా ఇంట్లో ఈ సినిమానే పెట్టాడు మా అమ్మ తమ్ముడు సింహాచలం మావ. బయట పొద్దుట్నించీ ముసురు.

"ఒసే, అమెరికాలో కొబ్బరిసెట్లేటే? మన తోటలోనే తీసినట్టున్నారు!" అన్నాడు మావ నాతో. మావ భార్య అత్తతో సహా అందరం పడీపడీ నవ్వాం.

సినిమాలో తుఫాను మొదలైంది. చెట్లు వంగిపోతున్నాయి, గాలి హోరుమంటోంది. ఇంతలో కరెంటు పోయింది. బొమ్మ ఆగింది గాని గాలి హోరు ఆగలేదు.

నాన్న తలుపు తీసి చూసి, "బేగి బడికాడికి పదండి!" అని అరిచాడు. ఊళ్లో గట్టి కట్టడం అదొక్కటే.

"మీరు నడండి, ఆవుల్ని ఇప్పేసి వస్తాను" అన్నాడు మావ. నేను చెయ్యి పట్టుకుని, "ఒద్దు మావా" అన్నాను.

"నీ ఎనకాలే వస్తానే" అని విడిపించుకుని తోటవైపు పరిగెత్తాడు.

సాయంత్రం గాలి తగ్గాక మా ఆవులు రెండూ బడి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. మెడల్లో తాళ్లు లేవు. మావ వాటి వెనకే వస్తున్నాడనుకుని అత్త ఎదురెళ్లింది.

మర్నాడు తోటలో, కూలిన చెట్ల కింద దొరికాడు.