కీలుకు గ్రీసు

పోయిన మంగళవారం మా బావ తన తుపాకిని అమ్మేయడానికి ఆయుధాల దుకాణానికి వెళ్తూ నన్ను తోడు రమ్మన్నాడు. అరవై దాటి కాపలా ఉద్యోగం మానేసిన మనిషికి ఇంకా ఆ ఇనుము ఎందుకని మా అక్క పోరు పెట్టింది. నా బండి వెనక సీటు మీద, గుడ్డ సంచిలో ఉన్న రెండు గొట్టాల తుపాకిని చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు. దుకాణం పెద్దాయన సంచి విప్పకముందే హిందీలో అడిగిన మొదటి మాట, "ఆయిల్ యా గ్రీజ్?" తుపాకికి నూనె పెడతావా, గ్రీసా అని. మా బావ నా వైపు చూశాడు. ఆ చూపు వెనక పన్నెండేళ్ల నాటి తగువు ఉంది.

తుపాకి రాకముందు మా బావ సాంచల మెకానిక్. మరమగ్గాల మీద పనికి వలస వచ్చిన మా తెలుగువాళ్లు వాటిని సాంచలనే అంటారు. సూరత్‌లో పాత సాంచలు తూకానికి పోయి కొత్త యంత్రాలు దిగాక, వాటి తెర మీద వచ్చే అక్షరాలు చదవలేక ఆయన బయటపడ్డాడు. అప్పటికే యాభైకి దగ్గర. ఎలాగో లైసెన్సు సంపాదించి, ఒక పాత తుపాకి కొనుక్కుని, రింగ్ రోడ్‌లోని ఒక చీరల మార్కెట్‌కు కాపలాదారుగా చేరాడు. నేను మరో కార్ఖానాలో ఫిట్టర్‌ని. చదివింది ఎనిమిదో తరగతే గాని, ప్రతి సెలవు నాడూ లైబ్రరీ తలుపు తీసేసరికి గుమ్మంలో ఉండేవాణ్ణి. హిందీ, గుజరాతీ పుస్తకాలు నేరుగా, ఇంగ్లీషువి పక్కన నిఘంటువు పెట్టుకుని చదివేవాణ్ణి. చదవని మనుషులంటే నాకు చులకన. ఆ చులకనలో పెద్ద వాటా మా బావదే.

ఆయన తుపాకికి సాంచల గ్రీసు పెట్టేవాడు. పెట్టడమంటే కొంచెం రాయడం కాదు. బొబ్బట్టులో పూర్ణం కూరినట్టు కూరేవాడు. ట్రిగ్గర్ వెనకా, తూటాను కొట్టే సూదుల చుట్టూ, గొట్టాలు మడత పడే కీలు దగ్గరా అదే పసుపు ముద్ద. దీనికి కారణం ఉంది, మా పనివాళ్లకు మాత్రమే తట్టే కారణం. సాంచ మీద తెల్లగుడ్డ నేసేటప్పుడు నూనె చుక్క పడిందంటే ఆ తాను తిరిగొస్తుంది, మెకానిక్‌కు సేఠ్ చేత తిట్లు పడతాయి. అందుకని ముప్పై ఏళ్లు నూనెకు భయపడి బతికిన మనిషి, తుపాకి చేతికొచ్చినా నూనె చుక్క తెల్లగుడ్డ మీదే పడుతుందేమోనన్నట్టు బతికాడు. ఆయన తోటి కాపలాదార్లు ఇంకా ఘనులు. ఒకడు ఆవనూనె పూసేవాడు. ఇంకొకడు తలకు రాసుకోగా అరచేతిలో మిగిలిన కొబ్బరినూనె తుపాకికి తుడిచేవాడు. మూడోవాడు అసలేమీ ముట్టుకోకుండా దసరాకు బొట్టు మాత్రం పెట్టేవాడు. నలుగురిలో మా బావే తెలివైనవాడని చెప్పాల్సి వస్తే ఆ మార్కెట్ భద్రత ఎంతటిదో ఊహించుకోవచ్చు.

నవాగామ్‌లో మా అక్కవాళ్ల గదిలో ఒక ఆదివారం, లైబ్రరీలో తుపాకుల పుస్తకం ఒకటి తిరగేసి వచ్చి, నేను చెప్పి చూశాను. "బావా, లోపలి భాగాలకు పలచటి నూనె పెట్టాలె. గ్రీసుకు దుమ్ము అంటుకుంటది. పుస్తకంల రాసుంది."

ఆయన చేతిలో గ్రీసు డబ్బా దించలేదు. "నూనె కారుతది బామ్మర్దీ. గ్రీసు కూసున్న కాడ కూసుంటది. నువ్వు నూనె అసుంటోనివి. అన్ని దిక్కుల వోతవు, యాడ నిలువవు."

"నువ్వు గ్రీసు అసుంటోనివి. కూసున్న కాడ మట్టి వట్టుకుంట కూసుంటవు."

రొట్టె చేస్తున్న మా అక్క వెనక్కి తిరక్కుండానే అంది. "ఇద్దరు ఒక్కతీరే ఉన్నరు. బందూకు ఒక్కటే నయం, మాట్లాడది."

ఆ ఏడు కాపలా కంపెనీవాళ్లు ఊరి బయట కాల్పుల పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరూ ఐదు తూటాలు పేల్చాలి. మా బావ గురి చూసి ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది. రెండోది నొక్కితే అదీ లేదు, మెత్తగా ఏదో కదిలినట్టయింది. పరీక్ష చేసే అధికారి, మీసానికి రంగు వేసుకోవడం తప్ప మరే పనీ శ్రద్ధగా చేసినట్టు కనిపించని మనిషి, అందరి ముందూ అడిగాడు. "యే బందూక్ హై యా సిలాయీ మషీన్?" తుపాకా, కుట్టుమిషనా అని. పదిహేను రోజుల్లో అది పేలాలి, లేదా యూనిఫారం తిరిగిచ్చేయాలి. సాంచల్లోకి పోయే దారి మూసుకుపోయిన మనిషికి ఇదీ పోతే ఇంకేమీ లేదు.

ఆ సాయంత్రం ఆయన నా గదికి వచ్చి తుపాకిని మంచం మీద పెట్టాడు. "నీ పుస్తకం ఏమంటదో చెయ్యి," అన్నాడు. అంతకన్నా తీయని మాట నేను ఆయన నోట వినలేదు. సెలవు నాడు ఇద్దరం కూర్చుని మరలు విప్పాం. లోపల గ్రీసు నల్లబడి, అందులో చీరల పోగులు చుట్టుకుని ఉన్నాయి. గులాబీ, చిలకపచ్చ, జరీ కూడా. "చిన్న చీరల దుకాణమే వెట్టినవు గద బావా," అన్నాను. ఆయన నవ్వలేదు. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, సూది మొనతో ఒక్కొక్క చుక్క నూనె పెట్టాను. కీలు దగ్గరికి వచ్చేసరికి ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "గీడ జర గ్రీసు ఉండనియ్యి. బరువంత దీని మీదనే పడతది. నూనె నిలువది." నేను ఆ చెయ్యి తోసేశాను. గ్రీసు ఒక్క ఆవగింజంత కూడా మిగలకుండా తుడిచేశాను.

రెండోసారి ఐదు తూటాలూ పేలాయి. ఉద్యోగం నిలిచింది. నేను మాత్రం నిలవలేదు. చుట్టాల పెళ్లిళ్లలో, పురుళ్లలో, డుమస్‌కు వెళ్లి సముద్రం ఒడ్డున టమాటా భజియాలు తింటున్నప్పుడు కూడా ఈ కథ చెప్పాను. ఆయనకు గ్రీసు బావ అని నేనే పేరు పెట్టాను. పిల్లలు కూడా అలాగే పిలిచారు. ఆయన ప్లేటులోకి చూస్తూ తినేవాడు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. పరీక్ష అయిన వారం తర్వాత లైబ్రరీలో అదే పుస్తకం తీసి, నేను ఆపిన చోటి నుంచి చదివాను. తర్వాతి పేజీలోనే ఉంది. లోపల చురుగ్గా కదిలే చిన్న భాగాలకు పలచటి నూనె, బరువు మోస్తూ ఒరుసుకునే కీలుకు గ్రీసు, అదీ పలచటి పొరగా. ఒక్క ముక్క చదవకుండా ముప్పై ఏళ్ల చేతిపనితో మా బావ చెప్పింది అదే. నేను పుస్తకం మూసి అరలో పెట్టేశాను. చెప్పడానికి నోరు రాలేదు. చులకన చేయడంలో ఉన్న సుఖం అలాంటిది, సగం పేజీతోనే కడుపు నిండుతుంది.

పోయిన మంగళవారం దుకాణం పెద్దాయన తుపాకిని మడిచి, కీలు దగ్గర వేలితో తడిమి, గొట్టాలను పట్టుకుని ఊపి చూశాడు. పాత తుపాకులు ఇక్కడే వదులైపోతాయనీ, ఇది మాత్రం కొత్తదానిలా బిగువుగా ఉందనీ హిందీలో అన్నాడు. వేలు ఎత్తి చూపించాడు. వేలి కొనకు సన్నగా, పసుపుగా గ్రీసు. లోపలి సూదుల దగ్గర నూనె తడి.

"ఎప్పటి నుంచి పెడుతున్నవు బావా?" అన్నాను.

"నువ్వు తుడిచిన మర్నాటి సంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు మళ్ల పుస్తకం తెస్తవు. నీ మాట లోపల వెట్టిన, నా మాట కీలుకు వెట్టిన. బందూకు పేలింది. ఇంకేం గావాలె?"

తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా భుజాల మీద వేశాడు. రింగ్ రోడ్ సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు తర్వాతి పేజీ సంగతి చెప్పాను. సాంచల మోతలో చెవులు సగం పోగొట్టుకున్న మనిషి. "ఏంది?" అన్నాడు. పక్క ఆటోలో వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా, "నువ్వు చెప్పిందే పుస్తకంల ఉండె," అని మళ్లీ చెప్పాను. లైటు మారింది. "గట్లయితే మంచి పుస్తకమే," అన్నాడు.

లైబ్రరీలో ఎన్నో లావు పుస్తకాలను వారం రోజుల్లో ముగించాను. ఆ ఒక్క పేజీ బావ ముందు తిప్పడానికి మాత్రం పన్నెండేళ్లు పట్టింది.