అమ్మమ్మ బొటనవేలు

తరగతిలో బోర్డు మీద ‘ఆథరైజ్డ్’ అనే ఇంగ్లీషు మాట రాస్తున్నాను. బల్ల మీద మూత తీసి ఉన్న స్టాంపు ప్యాడు నుంచి ఇంకు వాసన మెల్లగా వచ్చి నన్ను ఎనిమిదేళ్ల పిల్లను చేసింది.

ఆ వేసవిలో అమ్మమ్మ కాలు వాచింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. రేషన్ బియ్యానికి నన్ను పక్కింటివాళ్ల సైకిలెక్కించి ఎర్రబోరు ఊళ్లోని దుకాణానికి పంపింది. అమ్మమ్మ బదులు నేను వచ్చానని మా బడి గురూజీ రాసిచ్చిన కాగితం చూసి దుకాణదారు నా బొటనవేలిని ఇంకులో అద్దాడు.

“ఇగ నువ్వే ఆథరైజ్డ్. మీ అమ్మమ్మ అంగూఠా, ఆమె బొటనేలు, ఇదే.”

మర్నాడు తెల్లవారకముందే ఇంటి వెనక ఇప్పపూలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. గాలంతా తీపి. అమ్మమ్మ కూర్చునే ఏరుతోంది. నేను ఇంకు అంటిన ఆ బొటనవేలు పైకెత్తి, మిగతా నాలుగింటితోనే ఏరుతున్నాను.

“ఏందే, ఆ ఏలుకేమైంది?”

“అది నీదంట కదా అమ్మమ్మా. అరిగిపోతదని దాస్తున్న.”

అమ్మమ్మ నవ్వలేదు. నా వేలు పట్టుకొని పూల మీద పెట్టింది.

“నాదైతే పని చెయ్యాలె బిడ్డా. నా చేతి ఏళ్లు ఎన్నడన్న ఉత్తగ కూసున్నయా?”

ఇవాళ బోర్డు మీద అర్థం రాశాను: ‘ఒకరి బదులు పని చేసే అధికారం ఉన్న’. ‘అధికారం’ కింద గీత గీయబోయి, ‘పని’ కింద గీశాను.