మైకుకి జానెడు దూరం

మా అన్నయ్య మైకుకి జానెడు దూరంలో నిలబడి పాడేవాడు. అందుకు నేను తనని అయిదేళ్లు విసుక్కున్నాను. దగ్గరికి జరగమంటే నవ్వేవాడు, వేలెడు జరిగేవాడు, పల్లవి అయ్యేసరికి మళ్లీ వెనక్కే ఉండేవాడు. ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఆ సంగతి ఎత్తి, "అంత సిగ్గయితే చర్చిలో నిలబడ్డం ఎందుకు, పెరట్లో దూడకి వినిపించు" అనేవాణ్ణి. నాది మొదటినుంచీ నోటిదురుసు. ఆ రోజుల్లో ఇంకాస్త ఎక్కువ.

మాది రాజోలు దగ్గర ఊరు. నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. మా తాతల తరం పరాయి చేలల్లో వంగి పనిచేసింది. చదువు వల్లే ఆ వంగడం తప్పిందని నాన్నగారి నమ్మకం. అన్నయ్య ఆ నమ్మకాన్ని నిలబెట్టాడు, ట్రైనింగు పూర్తిచేసి పక్కూరి స్కూల్లో మాస్టరయ్యాడు. నేను ఇంటర్మీడియట్‌లో లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి, అమలాపురంలో ఒక రేడియో షాపులో పనికి చేరాను. నాన్నగారు ఇంట్లో ఆ షాపు మాట ఎత్తనిచ్చేవారు కాదు. ఎవరైనా "మీ చిన్నబ్బాయి ఏం చేత్తన్నాడండి" అని అడిగితే, "ఉన్నాడండి" అనేవారు. ఆ జవాబులో నేను బతికే ఉన్నానన్న సమాచారం తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

నా తరఫున మాట్లాడేది అన్నయ్య ఒక్కడే. ఒకరోజు వసారాలో నాన్నగారితో అంటూంటే విన్నాను.

"వాడి చేతిలో పనుందండి నాన్నగారూ. ఏదో ఒకటి చేసి చూపిత్తాడు, మీరే చూద్దురుగాని."

"ఏం చూపిత్తాడు?" అన్నారు నాన్నగారు.

ఆ ప్రశ్నకి జవాబు కోసమేనేమో, అన్నయ్య మరుసటి వారం నన్ను పిలిచి, "నా గిటారుకి ఒక ఆంప్లిఫయరు కట్టిపెట్టరా. చర్చిలో అది నాకే వినపట్టంలేదు" అన్నాడు.

అది నిజమే. మా చర్చిలో పాట అంటే ఊరి గొంతులన్నీ ఒక్కసారి లేస్తాయి, వాటికి తోడు డోలక్కు, తాళాలు, హార్మోనియం. అన్నయ్య ట్రైనింగు రోజుల్లో కాకినాడలో కొనుక్కున్న పాత గిటారు ఆ హోరులో వాయిస్తున్నాడో, ఊరికే నిమురుతున్నాడో కూడా తెలిసేది కాదు. గొంతు మాత్రం తెలిసేది. కొంచెం జీరగా, తొందర లేకుండా, పాటలోని మాట మాటకీ చోటిచ్చి పాడేవాడు. పాటలు నడిపించేది తనే. ఆ పని తనకి ఉద్యోగం కన్నా, నాకు తెలిసి పెళ్లి కన్నా కూడా ఇష్టం. ఈ మాట మా వదిన కూడా ఒప్పుకునేది.

షాపులో పాడైపోయిన పాత రేడియో ఒకటి మూలన పడి ఉండేది. లోపల గాజుబుడ్లలా వెలిగే దాని వాల్వులు మూడూ బాగానే ఉన్నాయి. కొత్త గిటారు ఆంప్లిఫయరంటే మద్రాసు నుంచి రావాలి, అది మాకు అందే వ్యవహారం కాదు. ఊళ్లో వడ్రంగి చేత మామిడిచెక్క పెట్టె చేయించి, స్పీకరు ముందు వదిన పాత చీర ముక్క బిగించి, మూడు వాల్వులనీ అందులో కూర్చోబెట్టాను. గిటారు తీగల కింద చప్పుడు పట్టే పికప్పు బిగించి, వైరుతో పెట్టెకి కలిపాను. ఆ రేడియో ట్రాన్స్‌ఫార్మరు లేని రకం. గోడలో వచ్చే కరెంటుకీ సెట్టు లోపలి రేకుకీ మధ్య అడ్డుగా నిలబడేది ట్రాన్స్‌ఫార్మరే. మొత్తం సెట్టులో ఖరీదైనదీ అదే, బరువైనదీ అదే, కాబట్టి చవక సెట్లలో ముందు ఎగిరిపోయేదీ అదే.

షాపు మేస్త్రీగారు నేను చేస్తున్నది చూసి దగ్గరికి వచ్చారు.

"ట్రాన్స్‌ఫార్మరు లేకుండా గిటారుకి కట్టకు అబ్బాయ్. రేడియోని ఎవరూ ఒళ్లో పెట్టుకోరు. గిటారుని పెట్టుకుంటారు."

"మధ్యలో కండెన్సరు పెడతన్నానండి. ఏం కాదండి."

"ప్రాణం పోదులే. కానీ కరెంటు కరుత్తది."

"చూసుకుంటానండి" అన్నాను.

చూశాను కూడా. మా వసారాలో బల్ల మీద కూర్చుని, కాళ్లకి హవాయి చెప్పులతో, మూడు రోజులు వాయించి చూశాను. టెస్టు చేయడానికని అన్నయ్య దగ్గర మూడు కార్డులు, అంటే వేళ్లతో తీగలు కలిపి నొక్కే పట్లు, నేర్చుకున్నాను. చీమ కుట్టినట్టు కూడా లేదు. మేస్త్రీగారిది పాతకాలపు భయం అనుకున్నాను.

ఆ పెట్టె గుణదోషాలు చెప్పాలి, ఎందుకంటే దాని గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని చాలాకాలం అనుకున్నాను. స్విచ్చి వేశాక నిమిషం దాకా పలికేది కాదు, వాల్వులు ఎర్రబడాలి. పాస్టరు అయ్యగారు ఆరంభ ప్రార్థన మొదలుపెట్టగానే స్విచ్చి వేస్తే ఆమేన్ వేళకి తయారుగా ఉండేది. సౌండు తక్కువగా పెట్టుకుంటే దాని పలుకు ఎంతో బాగుండేది. తీగ మీటిన చప్పుడు మొన తేలకుండా గుండ్రంగా వచ్చేది, వచ్చి కాసేపు నిలిచేది. తర్వాత ఎన్నో పెద్ద సెట్లు రిపేరు చేశాను, ఆ మెత్తదనం మళ్లీ వినలేదు. నాబు సగం దాటిస్తే మాత్రం గుడ్డ చింపినట్టు బొంగురుపోయేది. జనం గట్టిగా పాడినప్పుడే కదా గిటారు గట్టిగా వినపడాలి, సరిగ్గా అప్పుడే దానికి ఓపిక చాలేది కాదు. సాయంత్రం కూటాల్లో వోల్టేజి పడిపోతే మరీ నీరసం. పెట్టె మీద పాటల పుస్తకం పెడితే లావు తీగ మీటినప్పుడల్లా అది అంగుళం అంగుళం జరిగి కిందపడేది.

అన్నిటికన్నా పెద్ద లోపం రొద. మౌనప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నాక అదొక్కటే గుయ్యిమంటూ మాట్లాడేది. అంతకుముందు వసారాలో ఇంకా ఎక్కువ ఉండేది, దాన్ని అక్కడే తగ్గించాను. గిటారు తీగలు కట్టిన ఇనుప పట్టీ నుంచి సన్నటి వైరు లాగి, ఆంప్లిఫయరు రేకుకి కలిపాను. సగం రొద ఆ క్షణంలోనే పోయింది. ఆ వైరు చూసుకుని నేను పడ్డ గర్వం ఇప్పటికీ గుర్తుంది.

చర్చి మైకు సెట్టుకి ఎర్తు వేసింది కూడా నేనే. మా కోనసీమలో రెండు మూడడుగులు తవ్వితే నీళ్లు తగులుతాయి. చర్చి గోడ పక్కన కొబ్బరిచెట్టు మొదట్లో ఇనుప కడ్డీ దిగ్గొట్టాను. అంత మంచి ఎర్తు ఇంకెక్కడా దొరకదని షాపులో చెప్పుకున్నాను.

ఒక్క సంగతి నాకు తట్టలేదు. చర్చిలోకి చెప్పులు విప్పి వెళతాం. పుట్టినప్పటినుంచీ విప్పుతూనే ఉన్నాం కాబట్టి అదొక సంగతిలా నాకు ఎప్పుడూ కనిపించలేదు. ఆదివారం పొద్దున్నే స్త్రీల సమాజం వాళ్లు గచ్చంతా కడుగుతారు. ఆరాధన మొదలయ్యే వేళకి వేదిక దగ్గర ఇంకా తడిగానే ఉంటుంది. పాటలు నడిపించేవాడు వట్టికాళ్లతో నిలబడేది అక్కడే. ఇప్పుడు రాస్తుంటే చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేలా ఉంది. వాల్వుల గురించి అంతా తెలిసిన నాకు అర్థం కాలేదు.

మొదటి ఆదివారం అన్నయ్య మొదటి చరణం మధ్యలో ఒక్క క్షణం ఆగిపోయాడు. నా వైపు చూశాడు. నేను పెట్టె పక్కన గొంతుక్కూర్చుని, నోరు తెరుచుకుని తనకేసే చూస్తున్నాను. పెద్దల బెంచీ మీద నాన్నగారు ఉన్నారు. అన్నయ్య నాన్నగారి వైపు కూడా ఒకసారి చూశాడు. తర్వాత మైకు నుంచి ఒకడుగు వెనక్కి వేసి, పాట మళ్లీ అందుకున్నాడు.

ఆరాధన అయ్యాక నాన్నగారు లేచి పెట్టె దగ్గరికి వచ్చారు. చీర ముక్క మీద వేలు పెట్టి చూశారు. నా భుజం మీద చెయ్యేసి, పక్కనున్న పెద్దమనిషితో, "మా చిన్నోడు కట్టేడండి" అన్నారు. "ఆయ్, చాలా బాగుందండి" అన్నారాయన. నా భుజం మీద నాన్నగారి చెయ్యి అంతకుముందు ఎప్పుడు పడిందో నాకు గుర్తులేదు. అన్నయ్యని ఎలా ఉందని అడిగాను. పై పెదవి రుద్దుకుంటూ, "బ్రహ్మాండంగా ఉందిరా" అన్నాడు.

ఆ రోజు నుంచే జానెడు దూరం. నేను మైకు స్టాండు ముందుకు జరిపేవాణ్ణి, తను వెనక్కి జరిగేవాడు. గొంతు జనం గొంతుల కింద పడిపోయేది. వెనక చాపల మీద కూర్చునేవాళ్లకి పాట ఎక్కడుందో తెలియక తలో చరణం అందుకునేవారు. అయిదేళ్లు గడిచాక సంఘ పెద్దలు దీని గురించి మాట్లాడుకున్నారు. నన్ను కూడా పిలిచి, లోపం సెట్టులో ఉందా మాస్టారి గొంతులో ఉందా అని అడిగారు. "సెట్టు బాగానే ఉందండి. ఆయనే మైకు దగ్గరికి రారండి, ఎంత చెప్పినా వినరు" అన్నాను.

నా సెట్టుని నేను కాపాడుకున్నాను. తర్వాతి నెల నుంచి పాటలు నడిపించే పని గట్టి గొంతున్న ఒక కుర్ర ఉపాధ్యాయుడికి ఇచ్చారు. అన్నయ్యకి ఆ సంగతి చెప్పడానికి అయ్యగారు ఇంటికి వచ్చి చాలా ఇబ్బంది పడ్డారు. "ఎంత మాటండి, కుర్రాళ్లు రావాలి కదండీ" అని అన్నయ్యే ఆయనకి సర్దిచెప్పి, కాఫీ ఇచ్చి పంపాడు. ఆ మధ్యాహ్నం అన్నం తినకుండా కాలవగట్టు వెంట ఎటో వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు స్తంభం పక్కన స్టూలు మీద కూర్చుని గిటారు మాత్రం వాయించాడు. కాళ్లు నేలకి ఆనించకుండా స్టూలు అడ్డకర్ర మీద పెట్టుకునేవాడు. పెదవులు కదిలేవి గానీ పాట ఎవరికీ వినపడేది కాదు. పోనీలే, హాయిగానే ఉన్నాడనుకున్నాను.

ఎనభైల మధ్యలో అన్నయ్యకి కామెర్లు వచ్చాయి. పసరు మందు తాగించాం, తర్వాత కాకినాడ తీసుకెళ్లాం, అప్పటికే ఆలస్యమైంది. నలభై నిండలేదు. తను పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియని కోపం. జ్ఞాపకార్థ కూటంలో అన్నయ్య గిటారు మీద తనకిష్టమైన పాట వాయించి, నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. ఆ పాటకి మూడు కార్డులు చాలు.

చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. గచ్చు కడిగి ఎంతోసేపు కాలేదు. తీగల మీద చెయ్యి పెట్టగానే వేళ్లు తిమ్మిరెక్కాయి. దుఃఖం వల్ల అనుకున్నాను. పాట అయ్యాక, చెయ్యి తీగల మీదే ఉంచి, మాట్లాడదామని మైకు దగ్గరికి వంగాను. పెదవికి మైకు ఇనుప జాలీ తగిలింది. ఎవరో మూతి మీద గుద్దినట్టయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. జనం నేను ఏడుస్తున్నాననుకున్నారు. ఒకడుగు వెనక్కి వేశాను. అప్పుడు చూసుకుంటే నేను మైకుకి జానెడు దూరంలో ఉన్నాను.

నాలుగు మాటలు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి, అన్నయ్యకి కూడా ఇలా షాకు కొట్టేదా అని వదినని అడిగాను. ఆవిడ కొంగు కొస వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"మీకు చెప్పద్దన్నారండి మరిదిగారూ. మొదటి ఆదివారమే నాతో అన్నారు. తీగలు జివ్వుమంటన్నాయి, మైకు తగిల్తే మూతి అదిరిపోతంది అని. కొన్ని ఆదివారాలు మధ్యాన్నం కూరలో ఉప్పు కూడా తెలిసేది కాదండి ఆయనకి. తమ్ముడికి చెప్పండి, బాగుచేత్తాడు అన్నాను. 'ఇయ్యాల నాన్నగారు వాడి భుజమ్మీద చెయ్యేసేరు. ఆ చెయ్యి నన్ను తీయించమంటావా' అన్నారు."

"తర్వాతైనా చెప్పచ్చు కదండీ" అన్నాను.

"తర్వాత మీరు మైకు గురించి తిట్టడం మొదలెట్టేరు కదండీ. ఇప్పుడు తెలిత్తే వాడు తట్టుకోలేడన్నారు."

అప్పటికి నేను సొంత షాపు పెట్టుకుని చాలాకాలమైంది. అరలో ట్రాన్స్‌ఫార్మర్లు ఎప్పుడూ నాలుగైదు ఉండేవి. ఊళ్లో ఎందరి సెట్లకో వేసి ఇచ్చాను. అన్నయ్య పెట్టెకి వేయలేదు, ఎందుకంటే దానిమీద ఎవరూ ఏ ఫిర్యాదూ చేయలేదు. ఆ వారం పెట్టెని షాపుకి తెచ్చి విప్పాను. రొద తగ్గించిన ఆ వైరే కరెంటుని తీగల్లోకి తెచ్చింది, నేను వేసిన ఎర్తే దాన్ని పెదవి గుండా మైకులోకి లాక్కుంది. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, వైర్లు మార్చి, మళ్లీ బిగించేసరికి మూడు గంటలు కూడా పట్టలేదు.

మర్నాడు పొద్దున చర్చి తాళం అడిగి తీసుకున్నాను. వేదిక దగ్గర గచ్చు మీద బిందెడు నీళ్లు పోశాను. రెండు సెట్లూ ఆన్ చేసి, చెప్పులు లేకుండా ఆ నీళ్లలో నిలబడి, గిటారు మెడలో వేసుకుని, ఒక చేత్తో తీగలన్నీ పట్టుకుని, మైకుకి పెదవి ఆనించాను. జాలీ చల్లగా తగిలింది, అంతే. వెనక పెట్టె కూడా రొద చేయడం లేదు. పెదవి తీయకుండా అలాగే చాలాసేపు నిలబడ్డాను. నాకు పాడ్డం రాదు.