కట్టె తగలని వరసలు

గడ్డి చుట్టే మిషన్ పొలంలోకి దిగిందంటే కొంగలు ఎక్కడి నుంచో వచ్చి దాని వెనకాలే నడుస్తాయి. గడ్డి కదిలే కొద్దీ కింద నుంచి కప్పలు, ఎలుకలు, తేళ్లు, కంజుపిట్టలు బయటికి ఉరుకుతాయి. ఎలుకలున్న చోట పాములూ ఉంటాయి. కోత మిషన్ పారేసిపోయిన వరిగడ్డి వరసలు పైన ఎండినా కింద చల్లగా ఉంటాయి, అది వాటికి ఇల్లు. ఆ ఇంటిని మనం చుట్టలు చుట్టి, పురితాడు కట్టి, బర్రెలకు తెచ్చుకుంటాం.

ఈసారి మా ఆయనకు నడుము పట్టేసి మంచం దిగలేదు, అందుకని కాలువ కింది మడికి నేనే పోయాను. మిషన్ తెచ్చిన డ్రైవరు డోన్ దిక్కువాడు. ట్రాక్టరును గట్టు మీదే ఆపి, దిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అక్కా, నా పెండ్లాం నెలల మీద ఉండాది. ఇప్పుడు నా చేతిలో పాము సావగూడదు. ఎవరన్నా కట్టె తీసుకోని ముందర గడ్డి కొట్టుకుంటా పోతేనే నేను మిషన్ దించేది."

భార్య కడుపుతో ఉన్నప్పుడు మొగుడు పామును చంపితే ఆ దోషం బిడ్డకు తగులుతుందని మా వైపు భయం. కానీ అతని మెడలో సిలువ ఉంది. నా నోరు ఊరుకోదు కదా.

"ఏమప్పా, మీరు చర్చికి పోయేటోళ్లు. మీకూ ఉండాదా ఈ పట్టింపు?"

"చర్చిలో లేదంటారు, ఇంట్లో మా యమ్మ ఉండాదంటాది. ముందర ఒక బిడ్డ పుట్టి పోయిందక్కా మాకు. ఈ తూరి నేను మా యమ్మ మాటే ఇంటా."

నవ్వబోయిన నోరు మూసుకుని కంది కట్టె అందుకున్నాను. ఒక్కో వరసా కొట్టుకుంటూ నేను ముందు, మిషన్ వెనక. ఒకచోట జెర్రిపోతు సర్రున గట్టెక్కి పోయింది. అది కనుమరుగయ్యే దాకా అతను ట్రాక్టరు ఆపి, తర్వాత నాకు దండం పెట్టాడు. నాకు గర్వంగానే ఉండింది.

మధ్యాహ్నం అన్నం తినే వేళకు పడమర మబ్బు పట్టింది. తడిసిన గడ్డి నల్లబడుతుంది, దాంట్లో బర్రెలు మూతి కూడా పెట్టవు. ఏడాది మేత అది. కాలువ పక్క వరసలు మాత్రం మిగిలాయి. ఎండకు నా కాళ్లు పీకుతున్నాయి. అతను చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"ఆ పక్క కొట్టినావా అక్కా?"

"నువ్వు తింటాంటేనే కొట్టొచ్చినా. పో, వాన వచ్చేతట్టుంది."

కొట్టలేదు. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ అబద్ధం నా నోటికి. అతను నా మాట నమ్మి ట్రాక్టరెక్కాడు.

రెండో చుట్ట దొర్లి పడినప్పుడు చూశాను. పురి సందులోంచి నాగుపాము సగం వేలాడుతోంది. కింది సగం నలిగిపోయింది. పడగ ఇంకా కదులుతోంది. గబగబా పోయి చుట్టకు అడ్డంగా నిలబడ్డాను.

"ఏమైందక్కా?" అని ముందు నుంచి అరిచాడు.

"ఏం లేదప్పా, పురి సరిగా పడలేదు. నువ్వు పో."

అతను పని ముగించి, "నీ రుణం తీర్చుకోలేనక్కా" అని చెప్పి వెళ్లాడు. ఆ మబ్బు ఒక్క చుక్క రాల్చకుండా ఎటో పోయింది. నేను పురి కోసి పామును బయటికి తీశాను. అప్పటికి చచ్చిపోయింది. నాగుపాము చస్తే మనిషికి చేసినట్టే చేయాలి. నోట్లో రూపాయి బిళ్ల పెట్టాను. పాలు లేవు, క్యారియరులో మిగిలిన మజ్జిగే పోశాను. ఆ చుట్ట గడ్డితోనే నిప్పు పెట్టి, చంపింది నేను, అతను కాదు, ఆ బిడ్డ జోలికి పోవద్దు అని పైకే చెప్పాను. పాముతో మాట్లాడుతున్నందుకు సిగ్గేసింది. అయినా రెండుసార్లు చెప్పాను.

ఆ తర్వాత ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని. ఒకరోజు అతనే చేశాడు. ఆడబిడ్డ, తల్లీ బిడ్డా బాగున్నారు. నేను పొయ్యి ముందు కూలబడి ఏడ్చాను. ఎందుకని మా ఆయన అడిగితే పొగ అన్నాను.

నిజం చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాను. చెబితే నా బరువు దిగుతుంది, వాళ్ల నెత్తికెక్కుతుంది. ఆ పిల్లకు దగ్గు వచ్చినా, నడక ఆలస్యమైనా ఆ ఇంట్లో పామే గుర్తుకొస్తుంది. అందుకే నోరు కుట్టేసుకున్నాను. ఇది మంచితనమో పిరికితనమో నాకే తెలియదు.

మొన్న మళ్లీ ఫోన్ వచ్చింది. "పాపకు జరం తగ్గలేదక్కా. మందులు ఏస్తానే ఉండాము. మా యమ్మ నిన్ను ఒకసారి రమ్మంటాది. నీ చెయ్యి సల్లనిదంట."

పోకుండా ఎలా ఉండను? బస్సెక్కి పోయాను. చిన్న ఇల్లు, గోడకు సిలువ, చాప మీద పాప. అతని తల్లి నా చెయ్యి పట్టుకుని పాప నుదుటి మీద పెట్టింది. నుదురు కాలిపోతోంది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

"దేవా, మా బిడ్డను కాపాడు. ఈ తల్లిని గూడ సల్లగా చూడు. మా బిడ్డ కోసరం ఎర్రటెండలో ఒక్క వరసా ఇడ్సకుండా కట్టె కొట్టుకుంటా నడిచింది" అని ఆమె ప్రార్థన చేసింది.

అందరూ ఆమెన్ అన్నారు. వాళ్లతో పాటు నేనూ అన్నాను.